జాయపసేనాని

రణభేరి మ్రోయించు విద్య వేఱు, నాట్యమండపమున మృదంగము వాయించు విద్య వేఱు అని జనులు సామాన్యముగా తలంతురు. మొదటిది వీరులను మృత్యుముఖమునకు నడిపించును. రెండవది చూపరులకు ఆనందము కలిగించును. ఈ రెండింటికిని మూలము లయయే యని యెఱిగి, ఒక చేత అంకుశమును మఱియొక చేత గంటమును ధరించిన మహనీయు డొకడు 13వ శతాబ్దమున ఓరుగంటి రాజ్యమున విలసిల్లెను. అతడే జాయపసేనాని. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజబలమునకు అతడు నాయకుడు. నృత్తరత్నావళి యను శాస్త్రగ్రంథమునకు కర్త.

జాయపుడు పుట్టినది ఓరుగల్లున కాదు. కృష్ణానది పాయలుగా చీలి సముద్రమున కలియుచోట దివిసీమ యను ద్వీపము కలదు. దానిని అయ్యవంశమువారు వెలనాటి చోడరాజులకు విధేయులై యేలుచుండిరి. ఆ వంశమువాడైన పిన్నచోడుడు జాయపుని తండ్రి. నారమాంబ, పేరమాంబ అతని తోబుట్టువులు. నాలుగు దిక్కుల నీరు కాపుండగా ఆ సీమ శత్రువులకు సులభముగా లొంగునది కాదు. అట్టి సీమలో ప్రభువు బిడ్డడై జాయపుడు పెరిగెను.

ఆ కాలమున ఓరుగంటి సింహాసనమున గణపతిదేవుడు కొలువుండెను. అతని తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులపై దండెత్తి యుద్ధమున మరణించెను. యువకుడైన గణపతిదేవుడు శత్రువులకు చిక్కి కొంతకాలము బందీగా నుండెను. పిమ్మట యాదవరాజు జైతుగి అతనిని విడిచి స్వరాజ్యమునకు పంపెను. 1199వ సంవత్సరమున గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చెను. ఓడినవానిని ఆదరించుట యెంతటి రాజనీతియో అతడు తన చెఱలోనే తెలిసికొనియుండును.

గణపతిదేవుడు తన యేలుబడి తొలి సంవత్సరములలోనే తీరాంధ్రమును జయింపబూనెను. వెలనాటివారి బలము క్షీణించెను. కాకతీయసేనలు దివిసీమను గూడ లోబఱచుకొనెను. పిన్నచోడుని కుటుంబమున కది మిక్కిలి కష్టకాలము. జయించినవాడు కోరినచో ఆ వంశమును వేరుతో పెఱికివేయవచ్చును. గణపతిదేవు డట్లు చేయలేదు. పిన్నచోడుని రాజ్యమును అతనికే యిచ్చివేసి, నారమాంబను పేరమాంబను వివాహమాడెను. బాలుడైన జాయపుని వినయమును చురుకుదనమును గమనించి, తన కొలువున చేర్చుకొనెను.

ఓడిన యింటి బాలుడు గెలిచిన యింట పెరుగుట యనునది సులభమైన విషయము కాదు. అట్టివాని ముందు రెండు త్రోవలుండును. పగను మనసున దాచుకొని అదను కొఱకు వేచియుండుట యొకటి. తన శక్తిని పెంచుకొని, తనను నమ్మినవారి నమ్మకమును నిలుపుట మఱియొకటి. జాయపుడు రెండవ త్రోవను పట్టెను. క్రమముగా గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతి యయ్యెను.

గజనాయకత్వము సామాన్యమైన పని కాదు. ఏనుగు బలములో కొండవంటిది. బెదరినచో తనవారినే త్రొక్కివేయును. అలవాటు లేని చప్పుడు దానికి కలవరము పుట్టించును. కావున యుద్ధపుటేనుగులను భేరీధ్వనులకు, శంఖనాదములకు, అశ్వముల హేషారవములకు చిన్ననాటి నుండియు అలవాటు చేయవలెను. నేటి సేనలలో ఆజ్ఞలు రేడియో ద్వారా క్షణములో చేరును. ఆనాడు ధూళి కమ్మిన రణరంగమున నాయకుని కంఠము పది బారల దూరము కూడ వినబడదు. ముందునకు నడువుమనియు, నిలువుమనియు, వెనుకకు మఱలుమనియు చెప్పునవి భేరియు కాహళమును శంఖమునే. వాయించువాని చేయి ఒక్కసారి తడబడినచో వేయిమంది అడుగులు తడబడును. ఇట్టి కొలువులో మెలగిన జాయపునకు లయ యనగా వినోదము మాత్రమే కాదు. అనేకుల ప్రాణములు దానిపై ఆధారపడి యుండెడివి.

గణపతిదేవుడు జాయపుని సేవలకు మెచ్చి నేటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలును అతని పాలనకు ఒప్పగించెను. ఆ యూరికి అప్పుడు తామ్రపురి యని పేరు. 1213వ సంవత్సరపు శాసన మొకటి ఆ విషయమును తెలుపుచున్నది. జాయపు డచ్చట తన తండ్రి పేర చోడేశ్వరాలయమును కట్టించెను. దేవుని సన్నిధిని నృత్యగీతములు జరిపెడివారికి నివాసములను గూడ ఏర్పఱచెను. 1231వ సంవత్సరమున తన పుట్టినసీమయైన దివిలో రాజు పేర గణపేశ్వరాలయమును నిర్మించెను. ఆ గ్రామమునకు నేటికిని గణపేశ్వరమనియే పేరు. అచ్చటి శాసనమువలననే అయ్యవంశపు చరిత్ర లోకమునకు తెలిసినది. ఒక గుడి తండ్రి పేరను, ఒక గుడి ప్రభువు పేరను వెలసినవి. జన్మభూమియందలి మమతకును, ప్రభువునందలి భక్తికిని అతడు వైరము పెట్టుకొనలేదు.

ఇట్లు దేశమును కాచుచునే జాయపుడు నాట్యశాస్త్రమును శ్రద్ధతో అభ్యసించెను. భరతముని నాట్యశాస్త్రమును, దానిపై పూర్వులు వెలయించిన వ్యాఖ్యలను పరిశీలించెను. చాళుక్యరాజైన సోమేశ్వరుని మతమును తెలిసికొనెను. ఆ కాలమున ఓరుగల్లు కళలకు కాణాచి. గణపతిదేవుడు హనుమకొండ నుండి రాజధానిని ఓరుగల్లునకు మార్చి కోటను పటిష్ఠము చేసెను. కోట నడుమ స్వయంభూదేవుని ఆలయము, దాని నాలుగు దిక్కుల శిలాతోరణములు వెలసెను. రేచర్ల రుద్రసేనాని 1213వ సంవత్సరముననే పాలంపేటలో రామప్పగుడిని నిర్మింపజేసెను. ఆ గుడి స్తంభములపైనను దూలములపైనను నర్తకులు అడుగు వేయుచున్నట్లు, వాద్యకారులు మద్దెలలు మ్రోయించుచున్నట్లు శిల్పులు చెక్కిరి. కాకతీయసేనానులు కత్తినే కాక కళను గూడ ఎఱిగినవారనుటకు ఆ గుడి సాక్ష్యము.

1253-54వ సంవత్సరమున జాయపుడు నృత్తరత్నావళిని పూర్తిచేసెను. చేబ్రోలు శాసనము వెలసిన పిమ్మట అప్పటికి 40 ఏండ్లు గడచెను. ఆ గ్రంథము సంస్కృతభాషలో శ్లోకరూపమున నున్నది. అందు 8 అధ్యాయములు కలవు. మొదటి నాలుగు అధ్యాయములలో భరతముని చెప్పిన మార్గపద్ధతిని, తక్కిన నాలుగింటిలో దేశిపద్ధతిని అతడు వివరించెను. మార్గమనగా శాస్త్రము నిర్ణయించిన ప్రాచీనమైన త్రోవ. దేశి యనగా ఆయా ప్రాంతముల ప్రజలు తమ యిండ్లలో, వీథులలో, జాతరలలో ఆడుకొనునది. పండితులు పలువురు మార్గమునే గొప్పగా భావించుచుండ, జాయపుడు తన గ్రంథములో సగము దేశికి కేటాయించెను. రాసకము, చర్చరి, కోలలు తాకించుచు ఆడు దండరాసకము, చిందు, గొండ్లి మొదలగు ఆటలకు అందు చోటు లభించెను. పొలములో పాటుపడు పల్లెవారి అడుగులకు గూడ శాస్త్రగౌరవము కలదని ఆ సేనాని గుర్తించెను.

వానిలో ముఖ్యమైనది పేరణి. దానినే నేడు పేరిణి యందురు. ఇది ఉద్ధతమైన పురుషనృత్యము. ఆ కాలమున దేవగిరి యాదవుల ఆస్థానముననున్న శార్ఙ్గదేవుడు గూడ తన సంగీతరత్నాకరమున దీనిని వర్ణించెను. నర్తకుడు ఒడలికి విభూతివంటి తెల్లని పూత పూసికొనును; పిక్కలకు చిఱుగంటలు కట్టికొనును. వాద్యముల మ్రోతకు సరిగా పాదములు కదలించుచు గంటలను పలువిధముల పలికించును. ఈ నేర్పునకు ఘర్ఘరమని పేరు. యుద్ధమునకు పోవు వీరులు శివుని యెదుట ఈ నృత్యము సలిపి ఉత్సాహము పొందెడివారని ఓరుగంటి ప్రాంతమున ప్రసిద్ధి. ఓరుగల్లును దేవగిరియు ఒకప్పుడు కత్తులు దూసికొన్న రాజధానులు. అయినను ఒకే నృత్యమును రెండుచోట్లను ఇద్దరు శాస్త్రకారులు ఆదరముతో వర్ణించిరి. రాజ్యముల సరిహద్దులు కళకు అడ్డు కాజాలవు.

నాట్యము నేర్వగోరువాని సాధన, వాద్యబృందము కూర్పు, సభలో ఎవ రెచ్చట కూర్చుండవలెను, కళాకారులను ఎట్లు సన్మానింపవలెను అను విషయములను గూడ జాయపుడు విడువలేదు. సేనను వరుస తీర్చిన చేయియే సభను గూడ వరుస తీర్చెను. నలువది యేండ్ల అనుభవమునందు అతడు గ్రహించిన సత్య మొకటే: ఎవనికి తోచినట్లు వాడు అడుగు వేసినచో సేన గుంపగును, నాట్యము గందరగోళమగును, అందఱును ఒకే తాళమునకు తలయొగ్గినప్పుడే ప్రతివాని నేర్పును ప్రకాశించును.

గీతరత్నావళి, వాద్యరత్నావళి యను మఱి రెండు గ్రంథములను గూడ జాయపుడు రచించెనని పండితులు చెప్పుదురు. ఆ రెండును నేటికి లభింపలేదు. భేరీమృదంగములను గూర్చి ఆ సేనాని తెలిపిన రహస్యము లెన్నియో ఆ రెండవ గ్రంథముతో మఱుగుపడినవి. తాటాకు గ్రంథమును తరతరమును మరల వ్రాసికొనువారు లేనిచో పురుగులు తినును, తేమకు చివికిపోవును. విద్య నశించుటకు శత్రువే రానక్కఱలేదు. వారసుల అశ్రద్ధయే చాలును.

1323వ సంవత్సరమున ఢిల్లీ సుల్తాను సేనలు ఓరుగల్లును జయించెను. ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను. కాకతీయరాజ్యము అంతరించెను. పోషించు రాజులు లేక పేరిణి క్రమముగా కనుమఱుగయ్యెను. స్వయంభూదేవాలయము శిథిలమై తోరణములు మాత్రము నిలిచెను. కాని నృత్తరత్నావళి నశింపలేదు. దూరమున తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున ఆ ప్రతులు భద్రముగా నుండెను. వానిని పరిశోధించి వి. రాఘవన్ పండితుడు 1965లో ప్రకటించెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెనిగింపగా 1969లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించెను. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథమును రామప్పగుడి శిల్పములతో పోల్చి చూచి, శాస్త్రము చెప్పిన అడుగును శిల్పము నిలిపిన భంగిమతో కలిపి, పేరిణికి మరల ప్రాణము పోసెను. అతడు 2011లో కీర్తిశేషుడయ్యెను. అతని శిష్యులును, వారి శిష్యులును ఆ నృత్యమును తెలుగునాట ఆడుచున్నారు. రామప్పగుడికి 2021లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ గౌరవము లభించెను.

యుద్ధవాద్యము కళగా మాఱుట తెలుగునాటనే జరిగిన వింత కాదు. తురుష్కసామ్రాజ్యపు సేనలు మెహ్తర్ అను వాద్యబృందములతో నడిచెడివి. 18వ శతాబ్దమున ఐరోపా సేనలు వారిని చూచియే పెద్దడోలును, తాళములను తమ బ్యాండులలో చేర్చుకొనెను. అమెరికాలో మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులు డ్రమ్ కోర్ అను బృందములను పెంపొందించిరి. నేటికిని అచ్చటి యువకులు ప్రతి వేసవిలోను డోళ్లు, బాకాలు ధరించి, వందమందికి పైగా ఒకే అడుగున మైదానములో విన్యాసములు చేయుచు పోటీపడుదురు. వరంగల్లు బాలబాలికలు ఆగస్టు 15న, జనవరి 26న బ్యాండు మ్రోతకు కవాతు చేయుదురు. దేశము వేఱైనను, వాద్యము వేఱైనను, ఆ అడుగుల వెనుక నున్న ధర్మ మొక్కటే.

జాయపుడు గెలిచిన యుద్ధములను నేడు కొలదిమంది మాత్రమే తలంతురు. అతని యేనుగులు లేవు. అతడు సేవించిన సింహాసనమును లేదు. అతడు వ్రాసిన గ్రంథము మాత్రము ఏడువందల యేండ్ల తరువాత గూడ ఆగిపోయిన అడుగులను మరల కదలింపగలిగెను. శౌర్యము రాజ్యమును ఒక తరమునకు కాపాడును. విద్యను శ్రద్ధతో నేర్చి, వ్రాసి, పరులకు అందించినవాడు దానిని ముందు తరములకు గూడ కాపాడినవాడగును. ఓడిన యింట పుట్టియు, పగను విడిచి విద్యను చేపట్టి, తన ప్రభువునకును తన జాతికిని కీర్తి తెచ్చిన జాయపసేనాని చరిత్రము తెలుగు బాలురకు చిరస్మరణీయము.