వంశధనమును లోకమున కొసగిన సుబ్బరామ దీక్షితులు

విద్య ఇచ్చినకొలది పెరుగునని పెద్దలు చెప్పుదురు. అయినను పెక్కు తరములు కంటికి రెప్పవలె కాపాడిన విద్యను, తీసికొనువాని అర్హత తెలియకయే అందరియెదుట పరచుటకు విద్వాంసుని మనసు అంగీకరింపదు. అది లోభము కాదు. అపాత్రుని చేతిలో పడిన విద్య చెడునన్న భయము. ఆ భయమును జయించి, ముదిమిలో తన యింటి నాదనిధిని లోకమున కొసగిన మహనీయుడు సుబ్బరామ దీక్షితులు.

ఆ నిధి ఎట్టిదో తెలియవలెనన్న ముందుగా ఆ వంశమును స్మరింపవలెను. తంజావూరు విజయరాఘవ నాయకుని కాలమున వేంకటమఖి చతుర్దండిప్రకాశిక యను లక్షణగ్రంథమును రచించి, 72 మేళముల విధానమును ఏర్పరచెను. ఆ మఖి సంతతివారగు వేంకటవైద్యనాథ దీక్షితులకడ సంగీతము నభ్యసించినవారు రామస్వామి దీక్షితులు (1735–1817). హంసధ్వని రాగము వీరి సృష్టియే. వీరు తిరువారూరున త్యాగరాజస్వామి సన్నిధిని స్థిరపడిరి. వీరి పెద్దకుమారుడు ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) చిదంబరనాథయోగి వెంట కాశికి పోయి, పిదప క్షేత్రములు తిరుగుచు, గురుగుహ ముద్రతో సంస్కృతకృతులు రచించిరి. ఆయన తమ్ములలో బాలుస్వామి దీక్షితులు (1786–1858) పాశ్చాత్యుల వాద్యమైన వయొలిన్‌ను నేర్చి, దానిని మన గానమునకు తగినట్లు మలచినవారిలో ప్రథములు. ఆయన ఎట్టయపుర సంస్థానమున ఆస్థానవిద్వాంసులైరి. ముత్తుస్వామి దీక్షితులును తుదిదినములలో ఆ యూరికే చేరి, 1835లో దీపావళినాడు అచ్చటనే సిద్ధిపొందిరి.

ఆయన కన్నుమూసిన నాలుగేండ్లకు, 1839లో, సుబ్బరామ దీక్షితులు తిరువారూరున జన్మించిరి. వీరు బాలుస్వామి దీక్షితుల కుమార్తెకు కుమారుడు. పుత్రసంతతి లేని తాతగారు మనుమనినే దత్తపుత్రునిగ స్వీకరించి, ఎట్టయపురమునకు తెచ్చుకొని, వీణయు గానమును నేర్పిరి. సంస్కృతాంధ్రములును బాలునికి అబ్బినవి. పదునేడేండ్ల ప్రాయమున దర్బారు రాగమున వర్ణము రచించి ప్రభువునకు వినిపింపగా, అది తాతగారి రచనయేమోయని రాజునకు సందేహము కలిగినదట. వేరొక రచన చేయుమని పరీక్షింపగా బాలుడు నెగ్గి సన్మానమందెనని చెప్పుదురు. తాతగారు గతించిన పిమ్మట ఇరువదియేండ్లయినను నిండని ఆ యువకుడే ఆస్థానవిద్వాంసుడయ్యెను.

నాటినుండి నలుబదియేండ్లు ఆయన జీవితము బయటికి ప్రశాంతముగనే సాగినది. వీణ మీటుచు, వర్ణములు, కృతులు, రాగమాలికలు రచించుచు, శిష్యులకు పాఠము చెప్పుచు కాలము గడపిరి. ఆదిశంకరులపై శంకరాభరణరాగమున వీరు కూర్చిన శంకరాచార్యం అను కృతిని నేటికిని విద్వాంసులు ఆదరముతో పాడుచున్నారు.

అయితే కాలము మారుచుండెను. ముత్తుస్వామి దీక్షితుల కృతులు గురుముఖమున నేర్చినవారు ఒక్కొక్కరే గతించుచుండిరి. కృతులు నోటినుండి నోటికి పోవునపుడు సంగతులు మారుచుండెను, రాగచ్ఛాయలు చెదరుచుండెను. పాటను పట్టి నిలుపు యంత్రములు మన దేశమున ఇంకను వ్యాపింపలేదు. ఇంటిలోని వ్రాతప్రతులును, దీక్షితులవారి కంఠమును, వ్రేళ్లును తప్ప ఆ సంప్రదాయమునకు వేరు ఆధారము లేకపోయెను. ఆ ఒక్క దీపము ఆరినచో చీకటియే.

ఈ అపాయమును గుర్తించి ఆ వాకిట నిలిచినవాడు చిన్నస్వామి మొదలియారు. ఆయన మద్రాసులో ప్రభుత్వోద్యోగి, క్రైస్తవమతస్థుడు. మన కీర్తనలను పాశ్చాత్యుల స్వరలిపిలో అచ్చువేయుటకు 1893 ప్రాంతమున పూనుకొని, తన ఆరోగ్యమును, ధనమును దానికే ధారపోసెను. దీక్షితకృతుల శుద్ధపాఠమునకై ఆయన సుబ్బరామ దీక్షితుల నాశ్రయించెను. దీక్షితులవారు మొదట అంగీకరింపలేదు. తాతముత్తాతలు గోప్యముగ నుంచినదానిని అచ్చువేసి అంగడిలో పెట్టుటయా? గురువు ఎదుట కూర్చుండని వానికి కాగితము ఏమి నేర్పగలదు? ఈ సంకోచము సంప్రదాయజ్ఞునకు సహజమే. మొదలియారు విడువక, శరీరము క్షీణించుచున్నను, ఎట్టయపురప్రభువునకు విన్నవించుకొనెను. ప్రభువు గ్రంథమును సంస్థానవ్యయముతో ముద్రింపించుటకు సమ్మతించి, దీక్షితులవారిని వ్రాయుమని కోరెను. అన్యమతస్థుడయ్యును ఈ విద్యకై క్షీణించుచున్న యొక భక్తుని తపన చూచినపుడు, పాత్రుడెవడన్న ప్రశ్నకు సమాధానము దీక్షితులవారి యెదుటనే నిలిచినది.

అరువదియేండ్లు దాటిన వయసున ఆయన కలము పట్టిరి. 1904లో ఎట్టయపురమునందలి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలనుండి సంగీతసంప్రదాయప్రదర్శిని వెలువడెను. దాదాపు 1700 పుటల గ్రంథమది. అందు వాగ్గేయకారుల చరిత్రలు కలవు, సంగీతలక్షణము కలదు. వేంకటమఖి సంప్రదాయము ననుసరించి 72 రాగాంగములును, వాని జన్యములును క్రమముగ వివరింపబడినవి. తొలి మేళమును కనకాంగి యని గాక కనకాంబరి యని పేర్కొను పద్ధతి యిందు కానవచ్చును. ప్రతి రాగమునకును లక్షణము చెప్పి, దానికి లక్ష్యముగ గీతములు, తానములు, కృతులు చూపిరి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఇందు స్వరసహితముగ నున్నవి.

స్వరము వ్రాయుట ఒక యెత్తు, గమకమును వ్రాయుట వేరొక యెత్తు. సరిగమలను అక్షరములతో ఎవరైన వ్రాయవచ్చును. కాని మన గానమునకు ప్రాణము స్వరమునందు గాక, స్వరమునుండి స్వరమునకు పోవు త్రోవయందున్నది. వీణపై మెట్టుమీది తంత్రిని వ్రేలితో కదలించి నాదమును ఊపుట కంపితము. వ్రేలిని తంత్రిమీద జరుపుచు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు చేరుట జారు. ఒక్క మెట్టునందే తంత్రిని ప్రక్కకు లాగి పైస్వరముల ఛాయలు పలికించుట వళి. ఇట్లే స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు మొదలగునవి. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిహ్నము నేర్పరచి, ఆయా స్వరముల తలపై వానిని నిలిపిరి. తన వ్రేలికి మాత్రమే తెలిసిన మర్మమును కనులకు కనబడునట్లు చేసిన పని యిది. గురువు లేని కాగితము ఏమి నేర్పగలదన్న సంకోచమునకు ఆ చిహ్నములే ప్రత్యుత్తరము. గురువును తొలగింపక, గురువు వ్రేలిజాడను కాగితముపై నిలిపిరి.

ఈ మహాగ్రంథమును దీక్షితులవారు తెలుగున వ్రాసిరి. వ్రాసినవారిది ద్రావిడదేశము, కృతులు సంస్కృతములు, వివరణము తెలుగు. ఎట్టయపురప్రభువులు తెలుగు మూలములు గల నాయకరులు. అంతేకాక ఆ కాలమున దక్షిణదేశమునందెల్ల సంగీతవిద్వాంసులకు తెలుగు శాస్త్రభాషవలె చెల్లుచుండెను. కావుననే ఈ నిధి మన లిపిలో మనకు దక్కినది. ఆంధ్రులకు ఇది గర్వకారణము మాత్రమే కాదు, మోయవలసిన బాధ్యతయు.

గ్రంథము ముగిసినదని ఆయన విశ్రమింపలేదు. మహావిద్వాంసులకు నిధి నిచ్చిన చేతితోనే పసివారికి ఓనమాలు దిద్దించుటకు 1905లో ప్రథమాభ్యాసపుస్తకమును వెలువరించిరి. మరుసటి యేడు, 1906లో, నాదబ్రహ్మమున లీనమైరి. ఆయన కుమారుడు అంబి దీక్షితులు ఆ పాఠమును కంఠమున నిలుపుకొని, మద్రాసున శిష్యులకు చెప్పిరి. డి.కె. పట్టమ్మాళ్ ఆ శిష్యులలో నొకరు. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి ఈ గ్రంథమును తమిళలిపిలో సంపుటములుగ ప్రకటించెను. 1970వ దశకమున ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తెలుగు మూలమును తిరిగి ముద్రింపించినది. నేడు ఒక కృతి పాఠమునందు సందేహము కలిగినపుడు విద్వాంసులు మొదట తెరచి చూచునది ఈ ప్రదర్శినినే.

దీక్షితులవారు నాడు వెనుకాడి మానియున్నచో వంశగోప్యము నిలిచెడిది, వంశవిద్య నశించెడిది. గోప్యమును విడిచిరి గనుక విద్య నిలిచినది. దేవాలయమున గర్భగృహము చీకటిగనే యుండును. అయినను అర్చకుడు హారతి వెలిగించి, స్వామిని అందరికి చూపును. అందువలన స్వామి మహిమ తరుగదు, చూచినవారు తరింతురు. సుబ్బరామ దీక్షితులు ఎత్తినది అట్టి హారతియే. ఇంట నొక విద్య యున్నవారెల్లరు, అది మంత్రమైనను, వైద్యమైనను, పాటయైనను, తమ తరముతో దానిని ముగియనీక యోగ్యులకు అందించుటయే ఆ మహనీయునకు తగిన అర్చనము.