బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మనలో చాలామందికి తెలుసు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రపంచానికి మందుగా అందించిన పరిశోధక బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు అంతగా అబ్బలేదు. పదమూడో ఏట ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన! దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఆ తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అప్పుడు గాంధీగారు విదేశీ వస్త్రాలు వదిలేయమని పిలుపునిచ్చారు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనే వేసుకుని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. చివరికి సుబ్బారావుగారి చేతికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా వచ్చింది. ఆ గౌను ఖరీదు ఎంతో బోస్టన్ వెళ్ళాకగాని ఆయనకు పూర్తిగా తెలియలేదు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, స్ప్రూ. పేగులు పాడై తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి శల్యమైపోతాడు. డాక్టరు చదువు చదివి కూడా సుబ్బారావుగారు ఏమీ చేయలేకపోయారు. అప్పటికి దానికి సరైన మందే లేదు.

కొన్నాళ్ళు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. తరువాత మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి అండతో ఓడెక్కి 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు దొరికింది. కానీ తిండికి, గది అద్దెకు డబ్బు కావాలి. ఆయన పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేయడానికి వీల్లేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. పని ఏమిటంటే రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం.

మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పిల్లలకు రాత్రి డ్యూటీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తెల్లారి నాన్న ఇంటికొచ్చి పడుకుంటే మనం చప్పుడు చేయకుండా తిరుగుతాం. సుబ్బారావుగారికి ఆ నిద్ర కూడా లేదు, పొద్దున్నే తరగతికి వెళ్ళాలి. మనకైతే ట్రాన్స్‌ఫర్ వస్తే ఇంటిల్లిపాదీ సామాను కట్టుకుని కలిసే వెళ్తాం. ఆయన ఒక్కరే వెళ్ళారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. ఆయన జీవితంలో నాకు మింగుడుపడని విషయం ఇదొక్కటే.

1924లో డిప్లొమా చేతికొచ్చింది. తరువాత సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయన ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. పెద్ద తరగతుల జీవశాస్త్ర పుస్తకంలో ఏ.టి.పి. పేజీ పేజీకీ వస్తుంది, ఆయన పేరు మాత్రం కనపడదు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగమూ దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. ఈస్టు సారంతో గర్భిణుల రక్తహీనత తగ్గుతుందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో అంతకుముందే గమనించింది. అందులో పనిచేసే పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి బృందం దాన్ని విడదీసి, 1945 నాటికి ప్రయోగశాలలోనే తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్ళ రక్తం కోలుకుంది. అన్నదమ్ములు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఇవాళ మన ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకు కూడా డాక్టర్లు ఈ మాత్రే రాస్తారు. బోదకాలు రాకుండా మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చిందే.

ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందును కూడా అక్కడే తయారుచేశారు. దాన్ని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఏ మందుకూ అది లొంగలేదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53.

ఆ పిల్లల ఆసుపత్రి, ఆయన ఒకప్పుడు రాత్రిళ్ళు పాత్రలు కడిగిన ఆసుపత్రి పక్కపక్కనే ఉంటాయి.