సర్ పిట్టి త్యాగరాయ శెట్టి గారు: దానానికి లెక్క నేర్పిన మనవాడు

చెన్నైలో పెళ్లి పట్టుచీరలు కొనాలంటే ఎవరైనా టి.నగర్ దారి పడతారు. కంచి, ఆరణి, ధర్మవరం మగ్గాల మీద దిగిన చీరలన్నీ అక్కడి కొట్లలోనే కనిపిస్తాయి. ఆ బజారులో నడిచే లక్షల మందిలో ఆ 'టి' అక్షరం వెనకున్న మనిషి ఎవరో తెలిసినవాళ్ళు తక్కువ. ఆ 'టి' త్యాగరాయ శెట్టి గారిది. తెలుగు మాట్లాడే దేవాంగ ఇంట్లో పుట్టి, మగ్గం చప్పుడు మధ్య పెరిగి, మద్రాసు నగరానికి పెద్దగా కూర్చున్న సర్ పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరే ఆ పేటకు పెట్టారు. పరాయి భాషా ప్రాంతాల్లో స్థిరపడ్డ మన నేత కుటుంబాల పిల్లలకు ఈయన కథ తెలియాలి. సంఘం పెట్టి నలుగురికి సాయం చేద్దామనుకునే మన పెద్దలకు ఇంకా బాగా తెలియాలి.

పుట్టుక, చదువు, మగ్గం

ఆయన 1852లో చెంగల్పట్టు జిల్లా ఏకత్తూరులో పుట్టారు. కలిగిన కుటుంబమే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి బి.ఏ. పట్టా తీసుకున్నారు. మన నేత కులాల్లో పిల్లవాడికి పదేళ్ళు రాగానే ఆసు దగ్గరో, కండెల దగ్గరో కూర్చోబెట్టే రోజులవి. అంత చదువు చదివినవాడు సర్కారు ఉద్యోగానికి పోతాడనే అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం కులవృత్తిని వదల్లేదు.

ఉత్తర మద్రాసులోని వాషర్‌మన్‌పేట పాతకాలం నుంచీ బట్టను నమ్ముకున్న పేట. కంపెనీ వాళ్ళ కాలంలో ఎగుమతి గుడ్డను చలువ చేసిన చోటు అది. శెట్టి గారు అక్కడే నేత కార్ఖానా పెట్టారు. వంద దాకా మగ్గాలు ఆడేవని చెబుతారు. ఒక చేత్తో నాడె విసిరి రెండో చేత్తో అందుకునే పాత పద్ధతి బదులు, తాడు లాగితే నాడె తనే ఇటునుంచి అటు దూకే ఫ్లై షటిల్ మగ్గాన్ని వాడి చూసిన తొలి మద్రాసు వాళ్ళలో ఆయన ఒకరు. దానివల్ల అదే పొద్దులో ఎక్కువ గజాలు దిగుతాయి. మిల్లు గుడ్డ వచ్చి చేనేతను తొక్కేస్తున్న కాలంలో, ఏడుస్తూ కూర్చోకుండా పనిముట్టు మార్చి చూద్దామనుకున్న మనిషి ఆయన.

ఎక్కడికి పోయినా తెల్లని బట్టలే కట్టేవారు. అందుకే తమిళులు ఆయన్ని వెళ్ళుడై వేందర్ అని పిలుచుకున్నారు. తెల్లబట్టల రాజు అని అర్థం. నేతవాడికి ఇంతకన్నా తగిన బిరుదు ఏముంటుంది!

నలభై ఏళ్ళ నగర సేవ

1882లో మద్రాసు కార్పొరేషన్‌లో సభ్యుడిగా అడుగుపెట్టి, సుమారు 40 ఏళ్ళు అందులోనే ఉన్నారు. కుళాయిలు, కాలవలు, దీపాలు, బడులు, ఇలాంటివే అక్కడి పని. పేరు తెచ్చే పని కాదు, ఓపిక కావలసిన పని. ఏ పద్దు కింద ఎంత డబ్బుందో, ఏ పనికి ఎవరి అనుమతి కావాలో ఆయనకు కొట్టిన పిండి. చివరికి సర్కారు అధికారి కాకుండా ఆ కార్పొరేషన్‌కు అధ్యక్షుడైన మొదటి మనిషి ఆయనే అయ్యారు. ఈ రోజుకీ రిప్పన్ బిల్డింగ్ ముందు ఆయన విగ్రహం ఉంది.

ఇచ్చినవాడికి కుర్చీ లేదు

ఆయన దానశీలి. బడులకు, గుళ్ళకు చాలా ఇచ్చారు. అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. మైలాపూరు కపాలీశ్వరస్వామి గుడి కుంభాభిషేకానికి ఆయన పదివేల రూపాయలు ఇచ్చారట. ఆ రోజుల్లో పదివేలంటే చిన్న ఊరి ఆస్తి. తీరా ఆ రోజున వేదిక మీద ఆయనకు చోటు లేకపోయింది. కులం చూసి కింద కూర్చోబెట్టారని అంటారు.

ఈ సంగతిని కులాల తగాదాగా చెప్పి వదిలేస్తుంటారు. సంఘం నడిపేవాళ్ళు ఇందులో ఇంకో ముక్క చూడాలి. డబ్బు తీసుకునేటప్పుడు అడిగిన మనిషిని, పని నిర్ణయించేటప్పుడు అడక్కపోతే ఆ మనిషి మనసు విరుగుతుంది. ఆయన మనసూ విరిగింది. అయితే అలిగి ఇంట్లో కూర్చోలేదు. కుర్చీ లేనివాళ్ళందరికీ ఒక సంఘం కావాలనే ఆలోచన వైపు నడిచారు.

పడని ఇద్దరు ఒక బల్ల దగ్గర

మొదట్లో ఆయన కాంగ్రెస్ వైపే ఉన్నారు. 1916 నాటికి దారి మారింది. ఆ ఏడు నవంబరు 20న మద్రాసు వేపేరిలో ఒక ఇంట్లో ముప్ఫై మంది దాకా పెద్దలు కూడారు. అక్కడ పుట్టినదే దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. జనం నోట జస్టిస్ పార్టీ అయ్యింది.

ఆ కూటమికి రెండు కళ్ళు త్యాగరాయ శెట్టి గారు, డాక్టర్ టి.ఎం. నాయర్ గారు. విచిత్రమేమంటే, అంతకుముందు కార్పొరేషన్‌లో వీళ్ళిద్దరికీ పడేది కాదు. వాళ్ళను కలిపిన మనిషి డాక్టర్ సి. నటేశ మొదలియార్ గారు. బయటి ఊళ్ళ నుంచి చదువుకోడానికి వచ్చి మద్రాసులో తిండికీ, పడకకూ చోటు దొరకని పిల్లల కోసం 1916లోనే ట్రిప్లికేన్‌లో వసతి గృహం పెట్టినది కూడా ఆయనే. ఆ వసతి గృహం ఎక్కువ కాలం నిలవలేదు. ఆలోచన మంచిదైనా, ఏటా దాన్ని మోసే భుజాలు కావాలి కదా.

సంఘానికి గొంతు కావాలని మూడు భాషల్లో పత్రికలు నడిపారు. ఇంగ్లీషులో జస్టిస్, తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక. ఆ ఖర్చుకు చందా బుట్ట పట్టుకుని తిరగలేదు. కంపెనీ పెట్టి, 100 రూపాయల చొప్పున వాటాలు అమ్మారు. అంటే డబ్బు పెట్టినవాడికి హక్కు కూడా ఉంటుంది. మద్రాసులో కూర్చుంటే సరిపోదని 1917లో ఊరూరా సభలు పెట్టారు. కోయంబత్తూరు, బిక్కవోలు, పులివెందుల, బెజవాడ, సేలం ఇలా సాగాయి. తెలుగు జిల్లాల్లో తెలుగులో, తమిళ జిల్లాల్లో తమిళంలో జనంతో మాట్లాడితేనే సంఘం వేరు పట్టుకుంటుందని వాళ్ళకు తెలుసు.

అయితే ఒక లోటు ఉండిపోయింది. 100 రూపాయల వాటా జమీందారు కొనగలడు, వర్తకుడు కొనగలడు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న నేతగాడు కొనగలడా? పెద్దల బలంతో సంఘం తొందరగా లేచింది. చిన్నవాళ్ళకు అందే మెట్టు మాత్రం వెయ్యలేదు.

ఒక అణా భోజనం

ఆయన చేసిన పనుల్లో మనందరం చేతులెత్తి మొక్కవలసినది ఇది. 1920లో ఆయన అధ్యక్షుడిగా ఉండగా, కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని తీర్మానం చేశారు. పేదింటి పిల్లలు బడికి రాకపోవడానికి ఆకలే కారణమని గుర్తించారు. నేత ఇళ్ళ సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? బడికి పోయే పిల్లవాడు ఇంట్లో ఉంటే కండెలు చుడతాడు, నాలుగు డబ్బులు మిగుల్తాయి. బడిలో అన్నం దొరికితేనే తల్లి పంపుతుంది.

ఊరంతా ఒకేసారి మొదలుపెట్టలేదు. ముందు థౌజండ్ లైట్స్‌లో ఒక్క బడి, 165 మంది పిల్లలు. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకూడదని కట్టడి. రూపాయికి 16 అణాలు కాబట్టి లెక్క వేస్తే రోజుకు 10 రూపాయల 5 అణాలు. ఏడాదికి 200 బడిరోజులు అనుకుంటే రెండు వేల రూపాయల పైచిలుకు. మొదలుపెట్టే ముందే ఎంతమందికి, ఎంతలో, ఎక్కడ అన్నది తేల్చుకున్నారు. అది నడిచిందని చూశాకే మరో నాలుగు బడులకు పాకించారు. ఫలితం కళ్ళముందే కనిపించింది. ఆ ఐదు బడుల్లో 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్ళలో రెట్టింపు!

ఇంత బాగా నడిచిన పని 1925 ఏప్రిల్ 1న ఆగిపోయింది. ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అప్పటికి మంత్రివర్గంలో ఉన్నది శెట్టి గారి పార్టీవాళ్ళే. అయినా ఆగింది. పిల్లలు తప్పు చెయ్యలేదు, వంటవాళ్ళు చెయ్యలేదు, లెక్కలు తప్పలేదు. అన్నం మన గిన్నెలో ఉన్నా, బియ్యం కొట్టు తాళం ఇంకొకరి మొలలో ఉంది.

వద్దన్న పదవి, మిగిలిన పేరు

1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు ఆయన్నే మంత్రివర్గం ఏర్పాటు చెయ్యమన్నారు. దక్షిణాదిలో ఆ కుర్చీ కోసం ఎవరు కాదంటారు? ఆయన కాదన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ గారిని ముందుంచి, తాను పార్టీ పని, నగరం పని చూసుకున్నారు. ఆరు నెలలకే రెడ్డియార్ గారి స్థానంలో పానగల్ రాజా గారు వచ్చారు. అప్పుడూ శెట్టి గారు ఆ కుర్చీ వైపు చూడలేదు.

1925లో ఆయన కన్నుమూశారు. బడి భోజనం ఆగిన ఏడే అది. మరుసటి ఏడు 1926 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది. తర్వాత మళ్ళీ లేచినా 1937లో గట్టి దెబ్బ తిన్నది, 1944లో పేరే మార్చుకుంది. పెద్ద మనుషుల మీద నిలబడ్డ సంఘం, ఆ పెద్ద మనుషులు పోయాక అలా అయ్యింది.

వాషర్‌మన్‌పేటలో మాత్రం ఆయన పేరుతో బడి నిలిచింది. 1950లో సర్ త్యాగరాయ కళాశాల వచ్చింది. ఇప్పటికీ ఉత్తర మద్రాసు పేదింటి పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు. బడి భోజనం ఆలోచన కూడా చావలేదు. 1956లో కామరాజ్ గారి కాలంలో తమిళనాట మళ్ళీ లేచింది, 1982లో ఎం.జి.ఆర్. గారి చేతిలో ఇంకా పెద్దదయ్యింది. మధ్యలో ఆకలితో బడి మానేసిన పిల్లల కాలం మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

మన సంఘాలకు ఏం చెబుతున్నారు?

షోలాపూరు, భివండి, బరంపురం, యానాం, బెంగళూరు, సేలం, ఎక్కడ చూసినా మనవాళ్ళ సంఘాలున్నాయి. వసతి గృహాలు, చదువు సాయం, జబ్బు సాయం, పెళ్ళి సాయం చేస్తున్నాయి. సంతోషమే. శెట్టి గారి జీవితం దగ్గర పెట్టుకుని ఒక్కసారి మన పుస్తకాలు చూసుకుందాం.

మొదటిది, పని చిన్నదిగా మొదలుపెట్టి లెక్కతో పెంచాలి. వేదిక మీద వంద మందికి స్కాలర్‌షిప్ అని ప్రకటించి రెండో ఏడు చేతులెత్తేయడం కంటే, పది మందికి పదేళ్ళు ఇవ్వడం మేలు. ఆ పిల్లవాడు మన మాట నమ్మి కళాశాలలో చేరతాడు. మధ్యలో ఆపితే ఫీజు కట్టలేక మళ్ళీ మగ్గం గుంటలోకే దిగుతాడు.

రెండోది, వాటా చిన్నవాడికి అందాలి. ఒక ఊళ్ళో మనవి 500 ఇళ్ళుంటే, ఇంటికి నెలకు 20 రూపాయల చొప్పున ఏడాదికి 1,20,000 రూపాయలు అవుతుంది. ఒక్క దాత ఇచ్చే లక్ష కన్నా ఇది గట్టిది. దాతకు వ్యాపారం దెబ్బతినవచ్చు, అలక రావచ్చు. 500 ఇళ్ళు ఒకే రోజు అలగవు.

మూడోది, ఇచ్చినవాడికి మాట ఉండాలి. 20 రూపాయలు ఇచ్చిన అవ్వ కూడా సర్వసభ్య సమావేశంలో లేచి, ఈ ఏడు డబ్బు ఎవరికి పోయిందని అడగగలగాలి. అడిగితే కోపం రాకూడదు. లెక్క చదివి వినిపించాలి, తెలుగులో వినిపించాలి.

నాలుగోది, మన పిల్లల అన్నం మన పద్దులోనే ఉండాలి. ప్రభుత్వ పథకాలు తప్పక తీసుకుందాం, అది మన హక్కు. అయితే అక్కడ సంతకం ఆగిన రోజున మన వసతి గృహంలో పొయ్యి ఆరిపోకుండా, కనీసం ఒక ఏడాది ఖర్చు కదలని నిధిగా పక్కన పెట్టుకోవాలి. 1925 ఏప్రిల్‌లో మద్రాసు బడుల్లో జరిగింది ఇంకెక్కడా జరగకూడదు.

పడుగు ఎంత బాగా ఎక్కించినా పేక పడకపోతే గుడ్డ అవ్వదు. మన పెద్దలు పడుగు వేసి ఉంచారు. పేక పోయవలసింది సభ్యులమైన మనం. ఈసారి టి.నగర్ పోయినప్పుడు ఆ 'టి' ఎవరిదో మీ పిల్లలకు చెప్పండి. ఈ నెల చందా కట్టేటప్పుడు, గత ఏడు లెక్క కూడా అడగండి.