ఆనకట్ట కట్టిన సేనాని: సర్ ఆర్థర్ కాటన్ జీవితం

ఆపద వచ్చిన తరువాత ఆదుకోవడం ఒక ఎత్తు. అది రాకముందే దానికి సిద్ధపడి ఉండడం మరొక ఎత్తు. మొదటిది దయగల ప్రతి మనిషికి సాధ్యమే. రెండవదానికి దయతోబాటు శాస్త్రజ్ఞానం, ఓర్పు, పాలకులను ఒప్పించగల పట్టుదల కావలసి ఉంటుంది. భూకంపమో తుఫానో సంభవించిన దేశానికి పొరుగుదేశాల సైన్యాలు మందులతో, గుడారాలతో తరలివెళ్ళడం ఈనాడు పరిపాటి అయినది. ఆ సైన్యాలు సహాయంచేసి ఊరకే తిరిగిరాక, మరుసటి ఆపదకు అక్కడి ప్రజలను సమాయత్తం చేయవలెనన్న ఆలోచన కూడ నానాటికి బలపడుతున్నది. ఈ ఆలోచనకు ఇంకా పేరైనా పుట్టని కాలంలో, పరదేశపు సైన్యంలో ఉద్యోగిగా వచ్చి, ఆంధ్రదేశపు కరువులకు, వరదలకు శాశ్వతమైన అడ్డుకట్ట వేయడానికి జీవితాన్ని ధారపోసిన వాడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన కథను మా విద్యార్థులకు పరిచయం చేయడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

గోదావరి మండలాలలో కాటన్ పేరు తెలియని పసిబిడ్డ ఉండడు. ఉదయగిరి దుర్గం నీడన, ఆత్మకూరు మెట్టపొలాల నడుమ పెరిగిన మనకు ఆయన పాఠ్యపుస్తకంలోని ఒక పేరు మాత్రమే. అందుకు కారణమేమో ఆలోచించడం కూడ ఈ వ్యాసంలో ఒక భాగం.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించినాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు కలిగిన పదకొండుగురు కుమారులలో ఆయన పదవవాడు. పదిహేనవ యేట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చిన్న ఉద్యోగిగా నియమితుడైనాడు. 1821లో మద్రాసు చేరినాడు. మన విద్యార్థులు పట్టపరీక్షకు కూర్చునే వయస్సుకన్న అప్పటికి ఆయన వయస్సు తక్కువ.

మొదట పాంబన్ జలసంధి పరిశీలన, దక్షిణ మండలాల చెరువుల పర్యవేక్షణ ఆయనకు అప్పగించబడినవి. అంతలో 1824లో కంపెనీకి, బర్మాకు యుద్ధం సంభవించినది. యువకుడైన కాటన్ ఆ యుద్ధంలో కోటల ముట్టడి దళాలకు ముందునడిచి పోరాడినాడు. 1826లో యుద్ధం ముగిసిన పిదప మరల మద్రాసు రాజధానికి వచ్చినాడు. బర్మాలో కోటగోడలు కూలగొట్టిన ఈ సైనికుడు ఆ తరువాత నదులలో గోడలు కట్టుటయందే తన శేషజీవితాన్ని గడిపినాడు.

ఆయనకు అసలైన పాఠశాల కావేరీతీరం. అక్కడ కరికాలచోళుడు కట్టించినదని ప్రసిద్ధమైన ప్రాచీనమైన కల్లణై ఆనకట్ట ఉన్నది. లోతైన ఇసుకపై, గట్టినేల దొరకని చోట, ఆ పూర్వులు రాతిపై రాయి వేస్తూ, అది ఇసుకలో క్రుంగిన కొలది మరల రాళ్ళు వేస్తూ, క్రమంగా పునాది స్థిరపడునట్లు చేసినారు. ఇంజనీరింగు కళాశాలలు లేని కాలపు ఈ ఉపాయాన్ని కాటన్ శిష్యభావంతో గ్రహించినాడు. ఈ విద్యతోనే కొల్లిడం నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలను 1836 నాటికి నిర్మించి తంజావూరు సీమను నిలబెట్టినాడు. ఇక్కడి జనం పూర్వం గొప్ప కట్టడాలను నిర్మించినారనీ, కంపెనీవారు వాటికి మరమ్మతులైనా చేయక చెడగొట్టినారనీ, అందుకు ప్రజలు తెల్లవారిని చులకనగా చూడడంలో న్యాయమున్నదనీ ఆయన తన జాతివారికే నిర్మొహమాటంగా తెలియజేసినాడు. సహాయం చేయవచ్చినవాడు సహాయం పొందేవారినుండి నేర్చుకొనడం ఈ జీవితంలోని మొదటి విశేషం.

ఈ కాలంలో గోదావరి సీమ స్థితి హృదయవిదారకంగా ఉండినది. 1832లో తుఫాను, వెంటనే నందన కరువు, 1839లో కోరంగి రేవును ముంచెత్తిన ఉప్పెన ఒకదానివెంట ఒకటి వచ్చినవి. గుంటూరు సీమలో ఆ కరువుకు సుమారు అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది నశించినారని చరిత్రకారులు వ్రాసినారు. రాజమహేంద్రవరం జిల్లాలో 1821లో 7,38,308గా ఉన్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి పడిపోయినది. నిండుగా ప్రవహించే నది ప్రక్కన నిలబడి మనుషులు ఆకలితో మరణించినారు. వర్షాకాలంలో అదే నది ఊళ్ళను ముంచినది.

1844లో కాటన్ గోదావరీ మండలాన్ని పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక సమర్పించినాడు. ఆయన వాదం సరళమైనది. వృథాగా సముద్రంలో కలిసే నీటిని ధవళేశ్వరం వద్ద ఎత్తుచేసి కాలువలకు మళ్ళిస్తే పంట దక్కుతుంది. కరకట్టలు పటిష్ఠం చేస్తే వరద అదుపులో ఉంటుంది. ఆ కాలువలలోనే పడవలు నడిస్తే కరువుకాలంలో ధాన్యం ఒకచోటినుండి మరొకచోటికి చేరుతుంది. అంటే తిండి, రక్షణ, రవాణా అనే మూడు ప్రయోజనాలు ఒక్క కట్టడంలో ఇమిడి ఉన్నవి. కంపెనీవారు లాభనష్టాలు లెక్కచూచుకొని అనుమతి ఇచ్చినారు. 1847లో పని ప్రారంభమైనది.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, అన్నీ కలిపి మూడున్నర కిలోమీటర్లకు మించిన పొడవుతో ఆ ఆనకట్ట లేచినది. వేలాది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు పాల్గొన్నారు. వీణెం వీరన్న వంటి స్థానికులు పనిని దగ్గరుండి నడిపించినారు. నడుమ ఆరోగ్యం చెడి కాటన్ కొంతకాలం సెలవుపై వెళ్ళవలసి వచ్చినప్పుడు కూడ పని ఆగలేదు. ఆయన సహోద్యోగి ఆర్ కొనసాగించినాడు. 1852లో ఆనకట్ట పూర్తి అయినది. ఒక్కని ప్రతిభపైననే ఆధారపడక, అతడు లేనప్పుడు కూడ సాగిపోయే విధంగా పనిని నేర్పించి ఉంచడం ఈ జీవితంలోని రెండవ విశేషం.

తరువాత ఆర్ విజయవాడవద్ద కృష్ణపై ఆనకట్టను నిర్మించినాడు. అదే దశాబ్దంలో నెల్లూరువద్ద పెన్నపై కూడ ఆనకట్ట వెలసినది. కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించినది. తుంగభద్ర నీటిని సుంకేసులనుండి కర్నూలు, కడపల మీదుగా మన జిల్లాలోని కృష్ణపట్నంవరకు కాలువద్వారా తీసుకురావలెనన్న బృహత్ప్రణాళిక వెనుక ఆయన ప్రేరణ ఉన్నది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఆ పని చేపట్టినది. కాని ఖర్చు అంచనాలను మించిపోగా కాలువ కడప దగ్గరనే నిలిచిపోయినది. చివరకు 1882లో ప్రభుత్వం దానిని కొనుక్కొన్నది. నెల్లూరు సీమకు రావలసిన నీరు కాగితంపైననే ఉండిపోయినది.

దాని ఫలితం త్వరలోనే తెలియవచ్చినది. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు మరణించినారు. నెల్లూరు జిల్లా కూడ ఆ కరువువాత పడినది. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం తాము నిలువడమేగాక ఇతరులకు ధాన్యం పంపగలిగినవి. ముప్పది యేండ్ల ముందు చేసిన సన్నాహం ఎంతటిదో ఆనాడు లోకం చూచినది. కరువు పనిగా కూలీలచేత త్రవ్వించి విస్తరించిన బకింగ్‌హామ్ కాలువ నేటికీ మన జిల్లా తీరం వెంబడి కనబడుతుంది. కాని ఆ తవ్వకం ఆపద వచ్చిన తరువాతి ఉపశమనం. ఆనకట్ట ఆపదకు ముందటి సన్నాహం. ఈ రెంటికీ గల భేదమే కాటన్ జీవితకాలం చెప్పదలచిన మాట. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘంముందు, రైలుమార్గాలపై కుమ్మరించే ధనంలో కొంత జలమార్గాలకు, సేద్యానికి వెచ్చించవలెనని ఆయన వాదించినాడు. సంఘంవారు ఆయనతో ఏకీభవించలేదు. అప్పటికే సైన్యంలో జనరల్ పదవి నందుకొన్న ఆ వృద్ధుడు ఇంగ్లండులోని డార్కింగ్ గ్రామసీమలో నేలను లోతుగా దున్ని గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలతో కాలంగడుపుతూ 1899 జులై 24న పరమపదించినాడు. మరుసటి సంవత్సరమే ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్రను ప్రకటించినది.

ఇంతవరకు వ్రాసి, కేవలం స్తుతితో ముగించడం మాకు సమ్మతం కాదు. కాటన్ వచ్చినది విజేతల సైన్యంతో. ఆ కంపెనీ ప్రభుత్వమే, గోదావరీసీమ ఉప్పెనతో తల్లడిల్లిన కాలానికి దగ్గరలోనే, 1839-40 ప్రాంతంలో రాజద్రోహం ఆరోపించి ఉదయగిరి జాగీరును స్వాధీనం చేసికొని, జాగీరుదారును చెంగల్పట్టుకు పంపివేసినది. ఒక చేతితో కోటలు తీసికొన్న ప్రభుత్వం మరొక చేతితో ఆనకట్ట కట్టినది. కట్టినప్పుడు కూడ పన్నుల రాబడి ఎంతవస్తుందో లెక్కచూచినది. డెల్టాలో నీరు పారితే రాబడి పెరుగుతుంది. మెట్టసీమలో ఆ ఆశ తక్కువ. అందువలననే సహాయం పల్లంలో ఆగినది, మెరకకు ఎక్కలేదు. 1880-90 దశాబ్దంలో మన ఆత్మకూరు సీమలోని సంగంవద్ద పెన్నపై ఆనకట్ట కట్టినప్పుడు కూడ ఆ నీరు తూర్పుకే ప్రవహించినది. ఉదయగిరి కొండల దిగువ పొలాలు మేఘంవైపే చూస్తూ ఉండిపోయినవి. కాటన్ మనకు పాఠ్యపుస్తకంలోని పేరుగానే మిగిలిపోవడానికి కారణం ఇది. సహాయకుని మంచితనం ఎంతదైనా, ఆ సహాయం ఎక్కడ ఆగవలెనో నిర్ణయించే అధికారం సహాయం పొందేవారి చేతిలో లేకపోతే, అది అందరికీ అందదు.

స్వాతంత్ర్యానంతరం సోమశిలవద్ద 78 టీఎంసీల జలాశయం వెలసినది. 2022 సెప్టెంబరులో సంగంవద్ద పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి ప్రారంభమైనది. అయినా కట్టడం ఉన్నంతమాత్రాన సన్నాహం పూర్తికాదని 2021 నవంబరులో వచ్చిన పెన్న వరద నేర్పినది. సోమశిల దిగువన ఊళ్ళు మునిగినవి; ఎగువన చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణనష్టం జరిగినది. ధవళేశ్వరంలో కూడ కాటన్ కట్టిన ఆనకట్ట శాశ్వతంగా నిలువలేదు. 1970 మొదలు 1982 వరకు దానిచోట ఆయన పేరిటనే బ్యారేజి నిర్మించవలసి వచ్చినది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఆ బ్యారేజి నిలిచినది, కరకట్టలు గండ్లు పడినవి. ప్రతి తరం తన వంతు మరమ్మతు తాను చేసికొనవలసినదే.

కాటన్ పనిచేసిన మద్రాసు ఇంజనీర్ల దళపు వారసత్వం బెంగుళూరులోని మద్రాసు ఇంజనీరు గ్రూపులో నేటికీ కొనసాగుతున్నది. ఆయన 1824లో ఖడ్గంతో అడుగుపెట్టిన ఆ బర్మాలోనే, 2025 మార్చి 28న ఘోరమైన భూకంపం సంభవించినప్పుడు భారతసైన్యం మాండలేలో తాత్కాలిక వైద్యశాలను నెలకొల్పి క్షతగాత్రులకు చికిత్స చేసినది. అంతకుముందు 2023 ఫిబ్రవరిలో తుర్కీ భూకంపబాధితులకు కూడ అట్టి వైద్యశాలనే నడిపినది. రెండువందల సంవత్సరాలలో సైనికుడు మోసుకొనిపోయే సామగ్రి ఇంతగా మారడం మానవజాతికి ఊరట కలిగించే విషయం. అయితే గుడారం ఎత్తివేసిన తరువాత అక్కడి ప్రజల చేతిలో ఏమి మిగిలినదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇల్లు కూలకుండా కట్టే పద్ధతి, గాయపడినవానికి తొలి చికిత్స చేసే నేర్పు, ముప్పును ముందుగా తెలుపుకొనే ఏర్పాటు అక్కడివారికి దక్కినప్పుడే ఆ సహాయం ఫలించినట్లు. గోదావరి ప్రజలు కాటన్‌ను తలచుకొంటూ ఊరూరా విగ్రహాలు నిలుపుకొన్నారు. ఆయన తమకు ముద్ద పెట్టినాడని కాక, ముద్ద సంపాదించుకొనే నీరిచ్చినాడని ఆ కృతజ్ఞత.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఇంజనీర్లు కావచ్చు, కొందరు సైన్యంలో చేరవచ్చు, పెక్కుమంది ఈ ఊళ్ళలోనే ఉపాధ్యాయులుగా, రైతులుగా, వర్తకులుగా స్థిరపడవచ్చు. మన పూర్వులు త్రవ్విన అనంతసాగరం చెరువువంటి చెరువులు ఈ సీమలో ఇంకా ఉన్నవి. వాటి కట్ట ఎక్కడ బలహీనపడినది, కలుజు ఎక్కడ పూడినది, వాగు పొంగితే ఏ వీధి మొదట మునుగుతుంది అన్న విషయాలు తెలిసికొనడానికి పరదేశపు సేనాని రానక్కరలేదు. కాటన్ కావేరీతీరంలో నిలబడి పాతకట్టడాన్ని పరీక్షించినప్పుడు ఆయన కూడ మీవలెనే యువకుడు. మన కళాశాల కమిటీవారు పెద్దమనసుతో అనుమతిస్తే, రాబోయే వేసవిలో విద్యార్థులతో కలిసి చుట్టుప్రక్కల చెరువులను, వాగులను నడిచిచూచి, ఆ వివరాలను వచ్చే సంచికలో ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను ప్రకటించవలెనని మా సంకల్పం. కాటన్ మహాశయునికి మెట్టసీమ చెల్లించగల నివాళి అదియేనని మా విశ్వాసం.