బడిపంతులు - భాషోద్ధారకుడు : శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

ఆంధ్రదేశమున ఆంగ్లవిద్య నేర్చినవారు ఎందరో ఉన్నారు. నేర్చి ఉన్నతోద్యోగములు అందుకొన్నవారూ ఎందరో ఉన్నారు. కాని ఆంగ్లభాషను ఏ విధంగా నేర్పుతున్నారో, దాని వ్యాకరణాన్ని ఏ విధంగా బోధిస్తున్నారో పరిశీలించి, ఆ పరిశీలనా ఫలితాన్ని తన మాతృభాషకు కానుకగా సమర్పించినవారు అరుదు. అట్టి అరుదైన మహనీయులు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారిని లోకం వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఎరుగును. ఆ ఉద్యమమంతా ఒక బడిపంతులు అనుభవంలో నుండి పుట్టినదన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

రామమూర్తిగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమందున్న పర్వతాలపేట అను గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. పన్నెండేండ్ల ప్రాయంలో, 1875లో, తండ్రి విషజ్వరంతో చోడవరంలో కాలధర్మం చెందారు. అటుపిమ్మట బాలుడు మేనమామగారి సంరక్షణలో విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివాడు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆనాటి ఆ స్నేహం ముందుముందు తెలుగు భాషాచరిత్రనే మార్చివేసినది.

మెట్రిక్యులేషను పరీక్ష గడచిన పిమ్మట కుటుంబభారం మీదపడినది. 1880లో, పదునేడేండ్ల వయస్సున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు. చరిత్ర బోధించుటకు వారికిచ్చినది ఫస్టుఫారం. నేటి లెక్కలో అది ఆరవ తరగతి. పది పన్నెండేండ్ల పిల్లలే వారి తొలి శిష్యులు.

ఆయన ఉపాధ్యాయ వృత్తిని పొట్టకూటికై పట్టిన పనిగా తలంచలేదు. పగలు పాఠాలు చెప్పుతూ, రాత్రులు తాను చదువుకొన్నారు. ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షలో కృతార్థులైనారు. 1896లో బి.ఏ. మొదటి రెండు భాగాలు ముగించారు. రాజావారి పాఠశాల కళాశాలగా మారిన పిమ్మట ఉన్నత తరగతులకు బోధించే అవకాశమూ లభించినది. చరిత్రను పుస్తకంలో చదివించి ఊరకొనక, ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంగా చదివి పరిశోధించారు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు అను గిరిజనులు నివసింతురు. వారి భాషకు నాడు లిపి లేదు, బడిపుస్తకం లేదు. వారి పిల్లలకు చదువు చెప్పవలెనన్న పట్టుదలతో రామమూర్తిగారు ముందు తామే ఆ భాషకు విద్యార్థులైనారు. సవర భాష బాగుగా తెలిసిన ఒక హరిజనుని తమ యింటనే ఉంచుకొని, అతని నోట వింటూ, విన్నది పలుకుతూ, పలికినది వ్రాసికొంటూ నేర్చుకొన్నారు. వ్యాకరణమే లేని భాషను వ్యాకరణసూత్రాలతో ప్రారంభించుట సాధ్యమా? కావున చెవితో మొదలుపెట్టి, నాలుకతో సాధనచేసి, తుదకు ఆ భాషకు తామే వ్యాకరణం వ్రాయగల స్థితికి చేరుకొన్నారు. ఈ శ్రమలో కొండజ్వరం పట్టుకొన్నది. దానికై వాడిన క్వినైను వల్ల చెవుడు సంక్రమించి జీవితాంతం బాధించినది. భాషను చెవితో నేర్చిన మహానుభావుడు ఆ చెవులనే మూల్యంగా చెల్లించవలసి వచ్చినది.

సవర బాలురకు పాఠ్యపుస్తకాలు వ్రాసి, సొంత ధనం వెచ్చించి పాఠశాలలు నడిపించారు. ప్రభుత్వం 1913లో రావుబహద్దూరు బిరుదమిచ్చి సత్కరించినది. సవర భాషకు ఆంగ్లంలో వారు రచించిన వ్యాకరణం 1931లో వెలువడినది.

ఇక ఆంగ్లభాషా బోధన విషయం. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో మన పాఠశాలలలో ఆంగ్లమంటే వ్యాకరణం వల్లెవేయుటే. నామవాచకమేది, విశేషణమేది అని పదవిభాగం చేయుట, సూత్రం అప్పగించుట, పద్యానికి అర్థం కంఠస్థం చేయుట - ఇదియే చదువు. నెస్‌ఫీల్డు దొర వ్యాకరణ పుస్తకాలు ఆ కాలాన దేశమంతటా వాడుకలోనికి వచ్చినవి. ఏకవచన ప్రథమపురుషలో క్రియకు చివర సకారం చేరునని సూత్రం తప్పులేక అప్పగించిన బాలుడే, మరునిమిషంలో "హి గో" అని పలికేవాడు. సూత్రం తలలో ఉన్నది కాని నోటికి రాలేదు.

ఈ లోపాన్ని ఐరోపాలో కొందరు పండితులు అప్పటికే గుర్తించి ఉన్నారు. ఇంగ్లండులో హెన్రీ స్వీటు 1899లో, డెన్మార్కు దేశీయుడగు ఆటో యెస్పర్సను గ్రంథం ఆంగ్లంలో 1904లో, భాషాబోధనను గూర్చి క్రొత్త మార్గాన్ని చూపినవి. మాటాడు భాషతో మొదలుపెట్టవలెననీ, ఉచ్చారణకు ప్రాధాన్యమీయవలెననీ, విడిమాటలు గాక నిండు వాక్యాలు నేర్పవలెననీ వారి సిద్ధాంత సారం. మారుమూల పర్లాకిమిడిలో ఉండి రామమూర్తిగారు వీరి గ్రంథాలను క్షుణ్ణంగా చదివారు. సవర భాషవిషయంలో తాము స్వయంగా నడచిన త్రోవనే ఆ పండితులు శాస్త్రరూపంలో చెప్పియుండుట వారికి కనబడినది.

1907 ప్రాంతాన జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. చిన్న తరగతులలో తెలుగు చెప్పే తీరు ఆయనకు వింతగా తోచినది. ఇంట మాటాడు తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు వేరొకటి. ఇది యేల అని ఆయన విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ప్రశ్నించగా, వారు గురజాడ, గిడుగులను చూపించారు. ఈ నలుగురి సమాలోచనలలో నుండి వ్యావహారిక భాషోద్యమం అంకురించినది.

రామమూర్తిగారి వాదం మిక్కిలి సూటియైనది. ఇంగ్లండులో బాలురు పదునాల్గవ శతాబ్దినాటి చాసరు కవి కావ్యాలను చదువుదురు, ఆనందింతురు. కాని ఆ భాషలో ఉత్తరం వ్రాయుమని వారిని ఎవరూ శాసింపరు. తమ కాలపు శిష్టులు వాడే భాషలోనే వ్రాయింతురు. మన బాలురను మాత్రం నోట లేని భాషలో వ్రాయుమని దండించుట దేనికి? వ్యాకరణం వాడుకను అనుసరించవలెను గాని వాడుకకు సంకెల కారాదని వారి నిశ్చయం. 1911లో ఉద్యోగ విరమణచేసి శేషజీవితమంతా ఈ ఉద్యమానికే ధారపోశారు.

1912లో స్కూలుఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుకభాషలోనూ వ్రాయవచ్చునని అనుమతి వచ్చినది. జయంతి రామయ్యపంతులుగారు మొదలైన ప్రాచీనభాషాభిమానులు తీవ్రంగా ప్రతిఘటించగా ఆ అనుమతి నిలువలేదు. 1915లో గురజాడవారు అస్తమించిరి. రామమూర్తిగారు వెనుదీయలేదు. కవుల కావ్యాల నుండే ప్రయోగాలు ఎత్తిచూపి, ప్రతిపక్షుల సూత్రాలు వారి రచనలలోనే నిలువలేదని నిరూపించారు. 1919లో "తెలుగు" అను మాసపత్రిక నడిపారు. ఆ ఏడే ఏర్పడిన వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజానికి కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సైతం వాడుకభాషపై నిషేధాన్ని తొలగించినది.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, అరువది యేండ్లకు చేరువగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న పరమపదించారు. వారి జన్మదినం ఆగష్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది.

వారి జీవితం సర్కారు జిల్లాలలో గడచినది. అందువల్ల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వారికి దానితో పనిలేదనుకొనరాదు. నిజాము పాలనలో ఈ ప్రాంతపు బాలురకు సర్కారు బడులలో చదువు ఉర్దూలో సాగినది. ఇంటిభాషకు, బడిభాషకు మధ్య అగాధమెట్టిదో ఈ ప్రాంతపు పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టబడినది. అగాధం మరల మన బిడ్డల ముందు నిలిచినది. దానిపై వంతెన కట్టు నేర్పు గిడుగువారి త్రోవలో దొరకును.

కోదాడ బాలుడు "అమ్మ వస్తది, నాయిన వస్తడు" అనును. పొరపాటుననైనా "అమ్మ వస్తడు" అనడు. అతనికి ఆ వ్యాకరణం నేర్పినవారెవరు? చెవియే నేర్పినది. అమ్మ వస్తది, బండి వస్తది అని స్త్రీకి, వస్తువుకు తెలుగులో క్రియారూపం ఒక్కటే. ఆంగ్లంలోనో స్త్రీకి "షి", వస్తువుకు "ఇట్" అని సర్వనామాలు వేరు. సూర్యాపేటకు అనునప్పుడు మనకు విభక్తి పేరు వెనుక నిలుచును, ఆంగ్లంలో పేరుకు ముందు నిలుచును. మన క్రియ వాక్యం చివర కూర్చుండును, వారి క్రియ నడుమకు వచ్చును. బాలుడు ఎచ్చట తడబడునో తెలిసిన ఉపాధ్యాయుడు ముందుగా అతని తెలుగును గౌరవించి, దాని ప్రక్కన ఆంగ్లాన్ని నిలిపి చూపును. వాక్యాన్ని పదిమార్లు వినిపించి, పలికించి, ఆపైన సూత్రం చెప్పును. అప్పుడు సూత్రం బరువు కాదు, తెలిసినదానికి పేరు మాత్రమే.

ఇంటిమాటను చిన్నచూపు చూచి పరభాషను సాధించినవాడు లేడు. గిడుగువారు సవరబాలుని మాటను, తెలుగుబాలుని మాటను సమానంగా మన్నించారు. గ్రంథాలయానికి వచ్చు ప్రతి బాలునికీ చదువదగిన పుస్తకం, దానిని గూర్చి తన మాటలలో చెప్పుకొనే ధైర్యం లభించిననాడే ఆ బడిపంతులు ఋణం కొంతైనా తీరును.