త్సియొల్కోవ్‌స్కీ: కథయు గణితమును

కాన్‌స్టాంటిన్ త్సియొల్కోవ్‌స్కీ 1857 సెప్టెంబరు 17వ తేదీన రష్యాదేశమున ఇజెవ్‌స్కోయె గ్రామమునందు జన్మించెను. పదియేండ్ల ప్రాయమున సోకిన జ్వరమువలన ఆయన వినికిడి చాలవరకు నశించి, బడిచదువు సాగకపోయెను. పదునారవయేట మాస్కో చేరి, అర్ధాకలితో దినములు గడుపుచు, గ్రంథాలయమే గురుకులముగా గణిత భౌతికశాస్త్రముల నభ్యసించెను. పిమ్మట బొరోవ్‌స్క్ పట్టణమునను, 1892 నుండి కలూగాయందును ఉపాధ్యాయుడుగా జీవించెను.

ఆయన కల్పనకు ప్రేరణ జూల్ వెర్న్. అయితే 1865 నాటి చంద్రయాత్రానవలలో వెర్న్ తన యాత్రికులను ఫిరంగిగుండులో నుంచి పంపెను. క్షణకాలములో అంతటి వేగము నందుకొను గుండులోనివారు నలిగిపోక తప్పదు. వేగము క్రమముగా పెరుగవలెను. గాలిలేని చోటను ముందుకు త్రోయు సాధనము కావలెను. అది రాకెట్టని త్సియొల్కోవ్‌స్కీ గ్రహించెను.

1896లో ఆయన ‘భూమికి వెలుపల’ అను కథ నారంభించి, కొంత వ్రాసి విడిచెను. మరుసటియేటి వ్రాతలలో కానవచ్చునది కథ గాదు, సూత్రము. వెలువడు వాయువుల వేగమును, ఆరంభమందలి ద్రవ్యరాశికి తుది ద్రవ్యరాశికి గల నిష్పత్తియొక్క సంవర్గమానమును బట్టి రాకెట్టువేగ మేర్పడునని దాని సారము. ద్రవరూప హైడ్రొజను, ఆక్సిజనులతో నడచు నౌకను వర్ణించుచు 1903లో దీనిని ప్రకటించెను. పండితలోకము పట్టించుకొనలేదు. 1908లో ఓకానది వరద ఆయన యింటిని ముంచెను.

అయినను విడిచిన కథను మరల చేపట్టెను. 1918లో కొంతభాగము పత్రికయందును, 1920లో సంపూర్ణగ్రంథము కలూగాయందును వెలువడెను. కథాకాలము 2017, స్థలము మన హిమాలయములందలి యొక దుర్గము. అందు న్యూటన్, గెలీలియో మున్నగు పేర్లుగల నానాదేశ పండితులతో ఇవానోవ్ అను రష్యన్ రాకెట్టు నిర్మాణమును గూర్చి చర్చించును. నౌక లేచునపుడు యాత్రికులు ద్రవమున మునిగి యొత్తిడిని తట్టుకొందురు. లోపల పెంచిన మొక్కలు ప్రాణవాయువును, ఆహారమును ఇచ్చును. నౌక వెలుపలికి పోవువారు కవచములు ధరింతురు.

పాత్రచిత్రణ పలుచన, సంభాషణలు పాఠములవలె నడచును. విమర్శకునకిది లోపమే. కాని వెర్న్ కథకొరకు లెక్కలను వాడుకొనగా, ఈయన లెక్క నిలిచినచోటనే కథను నిలిపెను. శాస్త్రకల్పనలో నమ్మకమునకు ఈ నియమమే ఆధారము.

జీవితాంతమున ఆయన ‘అంతరిక్షయాత్ర’ అను చలనచిత్రమునకు నౌకాచిత్రములు గీసి యిచ్చెను. 1935 సెప్టెంబరు 19న మరణించుటచే, మరుసటియేట విడుదలయైన యా చిత్రమును చూడజాలకపోయెను. ఆయన శతజయంతివత్సరమైన 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమోపగ్రహము రాకెట్టు మీదనే పైకెగసెను.