గెర్‌ట్రూడ్ ఎలియన్ : ఒక మందు, దాని మోతాదు

1933వ సంవత్సరమున న్యూయార్కు నగరమందు పదునైదేండ్ల బాలిక యొకతె, తాను మిక్కిలి ప్రేమించిన తాతగారు కడుపులో రాచపుండు పుట్టి కృశించి మరణించుట కన్నులార చూచెను. ఆ దుఃఖమే ఆమెను రసాయనశాస్త్రమువైపు నడిపించెను. ఆమెయే గెర్‌ట్రూడ్ ఎలియన్.

తండ్రి దంతవైద్యుడు, లిథువేనియానుండి వలస వచ్చినవాడు. 1929 నాటి ఆర్థిక సంక్షోభమున ఆ కుటుంబము ఆస్తిని పోగొట్టుకొనెను. రుసుము లేకయే స్త్రీలకు విద్య గరపు హంటరు కళాశాల ఆ నగరమున లేకున్నచో ఆమె చదువు అంతటితో ముగిసియుండెడిది. 1937లో పట్టము చేతికి వచ్చినను ఉద్యోగము రాలేదు. ప్రయోగశాలలో యువతి యున్నచో తక్కినవారి మనస్సు చెదరునని ఒకచోట త్రోసిపుచ్చిరి! కొంతకాలము జీతము లేకయే పనిచేసెను. పగలు బడిపిల్లలకు పాఠములు చెప్పి, రాత్రులును సెలవు దినములును పరిశోధనకు వెచ్చించి, 1941లో ఉన్నతపట్టము పొందెను. ఆ యేడే ఆమెను వివాహమాడవలసిన యువకుడు గుండెకు సూక్ష్మజీవులు సోకి మరణించెను. పెన్సిలిన్ అప్పటి కింకను జనులకు అందలేదు. ఆమె మరి వివాహమాడలేదు.

యుద్ధము మూలమున పురుషులు సైన్యమునకు తరలగా ప్రయోగశాలల తలుపులు స్త్రీలకు కొంత తెరువబడెను. ఊరగాయల పులుపు కొలుచు కొలువు నుండి బయటపడి ఆమె 1944లో బరోస్ వెల్‌కమ్ సంస్థయందు జార్జి హిచింగ్సు కడ చేరెను. రాత్రి తరగతులలో డాక్టరేటుకు చదువుచుండగా, ఉద్యోగము మాని పూర్తికాలము చదువవలెనని విద్యాలయమువారు పట్టుపట్టిరి. ఆమె ఉద్యోగమునే ఉంచుకొనెను.

కణము విభజన చెందవలెనన్న ప్యూరినులను పదార్థములు కావలెను. ఇల్లు కట్టువానికి ఇటుక వంటి వవి. ఇటుకను పోలిన నకిలీ ఇటుకను అందించినచో క్యాన్సరు కణము దానిని గ్రహించి చెడునని హిచింగ్సు, ఎలియన్‌ల ఊహ. ప్యూరినులోని ఒక ఆక్సిజను పరమాణువునకు మారుగా గంధకము నుంచి ఆమె 1951లో 6-మెర్కాప్టోప్యూరిన్ సిద్ధపరచెను. రక్తపు క్యాన్సరుతో నెలలలో మరణించు పిల్లలు దానితో తేరుకొనిరి. 1953లో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించెను. కాని వ్యాధి తిరుగబెట్టెడిది. ఆ వార్తలు ఆమెను మిగుల బాధించెడివి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో లెడర్లీ సంస్థయందు వెలువడిన ఫోలిక్ ఆమ్ల ప్రతిరోధకములలోని మెథోట్రెక్సేటును, ఈ మందును ఇతర ఔషధములతో కలిపి వాడ నేర్చిన పిమ్మటనే పిల్లలు నిజముగా బ్రదుకజొచ్చిరి.

మందు కనుగొనుటతో ఆమె ఊరకుండలేదు. అది దేహమున ఏమగుచున్నదో యేండ్ల తరబడి వెదకెను. దానిని విరుగగొట్టు ఎంజైమును అడ్డుటకు ప్రయత్నించగా అల్లోప్యూరినాల్ లభించి, వాతరక్త రోగులకు ఔషధమయ్యెను. అవయవ మార్పిడి చేయించుకొనువారికి తోడ్పడు అజాథయోప్రిన్ కూడ ఆమె ప్రయోగశాలనుండియే వచ్చెను. 1988లో హిచింగ్సుతోను, జేమ్సు బ్లాకుతోను కలిసి నోబెల్ బహుమానము నందుకొనెను.

అయితే ఒకే మోతాదు ఒక శిశువును బ్రదికించి, వేరొకనికి మజ్జ నెండగొట్టి రక్తమును హరించుటేల? ఈ ప్రశ్న చాలకాలము వైద్యులను వేధించెను. 1980లో అమెరికాయందు మేయో క్లినిక్కువారు రక్తము పరీక్షించి, ఈ మందును నిర్వీర్యము చేయు టి.పి.ఎం.టి. యను ఎంజైము సుమారు మూడువందల మందిలో ఒకరికి దాదాపు లేదనియు, పదిమందిలో ఒకరికి కొరతగా నుండుననియు గుర్తించిరి. ఆ లోపము వంశపారంపర్యము.

ఎలియన్ 1999 ఫిబ్రవరి 21న మరణించెను. టి.పి.ఎం.టి. లోపము తూర్పు ఆసియా ప్రజలలో మరింత అరుదైనను, మందు వారినే ఎక్కువగా బాధించెడిది. 2014లో కొరియా పరిశోధకులు అజాథయోప్రిన్ వాడిన పేగువ్యాధి రోగులను పరీక్షించి దీని రహస్యము తెలిసికొనిరి. అది ఎన్.యు.డి.టి.15 అను వేరొక జన్యువునందలి మార్పు. యూరపు, ఆఫ్రికా ప్రజలలో బహు స్వల్పము. తూర్పు ఆసియాలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు దానిని కనీసము ఒక పాలైనను మోయుదురు. భారతీయులలోను అది అరుదు కాదు. అట్లని జాతిని చూచి మోతాదు నిర్ణయించుట తగదు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి ఉండి మరియొకరికి లేకపోవచ్చును. రక్తపు చుక్క పరీక్షించవలసినదే. తల్లిదండ్రు లిరువురి నుండియు ఆ మార్పు సంక్రమించిన శిశువునకు, దేహవైశాల్యపు చదరపు మీటరునకు దినమునకు 75 మిల్లీగ్రాములకు బదులు 10 మిల్లీగ్రాములతో చికిత్స ప్రారంభింతురు.